సి ల్యాబ్‌లో యానిమేషన్లు చూపిస్తే వెనకబడ్డ పిల్లలకి నిజంగా ఎక్కుతుందా?

సెమికోలన్_మేడం

అందరికీ నమస్తే. గోదావరి వైపు ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఫస్ట్ ఇయర్‌కి సి ప్రోగ్రామింగ్ భాష చెబుతున్నాను. సెక్షన్‌కి 60 మంది పైనే. ఇంటర్ రెండేళ్లూ పొద్దున స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా ఈఏపీసెట్ (పాత ఎంసెట్) బిట్లు చేసి చేసి వచ్చినవాళ్లే ఎక్కువ. లెక్కల్లో గట్టివాళ్లు, కానీ మొదటి వారం కీబోర్డు మీద సెమికోలన్ ఎక్కడుందో వెతుక్కుంటారు. వాళ్లలో ఓ పదిహేను మందికి లూపు (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్) దగ్గరే బండి ఆగిపోతుంది, అక్కడినుంచి సెమిస్టర్ అయ్యేదాకా రికార్డు కాపీ కొట్టడమే.

ఈసారి యానిమేషన్లు పెట్టి చూశాను. సార్టింగ్‌లో (అంకెల్ని వరుసలో పేర్చడంలో) రంగు కడ్డీలు అటూ ఇటూ మారేవి, లూపులో బాణం గుర్తు గిర్రున తిరిగేవి. ప్రొజెక్టర్ మీద వేస్తే క్లాసంతా కళ్లప్పగించి చూసింది. "అర్థమైందా" అంటే "అయింది మేడం" అని ఒకటే కోరస్. తర్వాతి వారం ల్యాబ్‌లో 1 నుంచి 10 దాకా కూడమంటే ఆ పదిహేను మందీ పక్కవాడి స్క్రీన్ వైపు తిరిగారు.

టాపర్లకి ఏది చూపించినా వస్తుంది, వాళ్ల సంగతి వదిలేయండి. వెనకబడ్డవాళ్లకి యానిమేషన్ వల్ల లాభం జరగడం మీలో ఎవరైనా కళ్లారా చూశారా? చూస్తే ఎలా వాడారు? "ఇంటరాక్టివ్‌గా ఉండాలి" లాంటి జవాబులు మాత్రం వద్దండీ, ఫ్యాకల్టీ ట్రైనింగుల్లో కావలసినన్ని విన్నాను.

డ్రైరన్_మాస్టారు

మేడం, ఈ బొమ్మల మోజు ఇప్పటిది కాదు. 1981లోనే టొరంటో విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ బేకర్ తొమ్మిది సార్టింగ్ పద్ధతుల మీద అరగంట యానిమేషన్ సినిమా తీశాడు. ఆ తర్వాత మూడు నాలుగేళ్లకి అమెరికాలో బ్రౌన్ విశ్వవిద్యాలయం వాళ్లు క్లాసులో కంప్యూటర్ మీదే అల్గారిథమ్‌ని (లెక్క చేసే పద్ధతిని) కదిలించి చూపే సాఫ్ట్‌వేర్ చేశారు. నలభై ఏళ్లు దాటాయి. సి పేపర్‌లో బ్యాక్‌లాగులు తగ్గాయా?

నేను పాతికేళ్లుగా చేసేది ఒక్కటే. తెల్లకాగితం అడ్డంగా పెట్టించి మూడు గళ్లు గీయిస్తాను: ఐ (లూపులో లెక్కపెట్టే అంకె), సమ్ (అప్పటిదాకా కూడిన మొత్తం), కండిషన్ నిజమా కాదా. ఒక్కో వరుసా పెన్నుతో నింపాలి. రబ్బరు వాడకూడదు, తప్పైతే కొట్టేసి పక్కన రాయాలి, ఎందుకంటే నాకు ఆ కొట్టివేతలే కావాలి. చెయ్యి ఎక్కడ ఆగిందో వాడికి రానిది అక్కడుంది. వీడియోలో ఆ ఆగడం ఉండదు కదా, అది సాగిపోతూనే ఉంటుంది, వీడు తల ఊపుతూనే ఉంటాడు.

సోమవారం_మిడ్

బ్రో సి ఇంపార్టెంట్ క్వశ్చన్స్ పీడీఎఫ్ ఉంటే ఎవరైనా పెట్టండి ప్లీజ్, యూనిట్ 2, 3 చాలు

ఒహాయో_టీఏ

మాస్టారూ, మీరు పెన్నుతో పట్టుకున్నదే పరిశోధకులు కూడా చివరికి పట్టుకున్నారు, కాకపోతే వాళ్లకి చాలా ఏళ్లు పట్టింది. నేను ఇక్కడ ఒహాయోలో ఫస్ట్ ఇయర్ ప్రోగ్రామింగ్ కోర్సుకి టీఏని (టీచింగ్ అసిస్టెంట్‌ని), నా పీహెచ్‌డీ కూడా ఈ దారిలోదే, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

2002లో హండ్‌హౌసెన్, డగ్లస్, స్టాస్కో అని ముగ్గురు, అప్పటిదాకా అల్గారిథమ్ యానిమేషన్ల మీద జరిగిన 24 ప్రయోగాల్ని ఒకచోట పెట్టి చూశారు. కొన్నిట్లో లాభం కనిపించింది, కొన్నిట్లో ఏమీ లేదు. తేడా ఎక్కడొచ్చిందా అని వెతికితే బొమ్మ ఎంత బాగుందన్న దగ్గర కాదు, ఆ బొమ్మతో విద్యార్థి చేత ఏం చేయించారన్న దగ్గర వచ్చింది. అదే ఏడాది థామస్ నాప్స్ ఆధ్వర్యంలో ఒక బృందం దీన్ని మెట్లుగా పేర్చింది. ఊరికే చూడటం అడుగు మెట్టు. తర్వాత ఏమవుతుందో అడిగితే చెప్పడం దానిపైన. ఇన్‌పుట్ మార్చి చూడటం, సొంతంగా యానిమేషన్ తయారుచేయడం, దాన్ని నలుగురి ముందు వివరించడం ఆపైవి. మేడం క్లాసులో జరిగింది అడుగు మెట్టు. అరవై మందికి ప్రొజెక్టర్ మీద వేస్తే ఎక్కడైనా జరిగేది అదే.

ఇంకొకటి, ఇది మీ పదిహేను మందికి సూటిగా తగులుతుంది. జెలియట్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, ఫిన్లాండ్‌లో పుట్టింది. ప్రోగ్రాం నడుస్తుంటే ప్రతి లెక్కనీ విడదీసి చూపిస్తుంది, అంటే ఎ + బి అంటే ముందు ఎ విలువ వస్తుంది, తర్వాత బి, తర్వాత కూడిక, తర్వాతే ఫలితం వెళ్లి కూర్చుంటుంది. దాన్ని ఇజ్రాయెల్‌లో పదో తరగతి పిల్లలతో ఏడాది పొడుగునా వాడి చూశారు, ఫలితాలు 2003లో వచ్చాయి. బాగా చదివేవాళ్లకి దాని అవసరం పడలేదు. ఎక్కువ లాభపడింది మధ్యవాళ్లు. అట్టడుగున ఉన్నవాళ్లకి మాత్రం ఆ యానిమేషన్ కూడా మోయలేని బరువైంది. కాబట్టి "వెనకబడ్డవాళ్లు" అని మనం ఒకే గంపలో వేసేవాళ్లలో రెండు రకాలున్నారని నా లెక్క.

బ్యాక్‌లాగ్_బంగారం

నేను ఆ పదిహేను మంది బ్యాచ్ అన్నా. టెన్త్ దాకా తెలుగు మీడియం, సి రెండోసారికి క్లియర్ చేశాను, ఇప్పుడు థర్డ్ ఇయర్. మా వైపునుంచి కూడా ఒక మాట వినండి.

మా సర్ చూపించిన వీడియోలో ఎ = బి అనగానే బి డబ్బాలోంచి 5 ఎగురుకుంటూ వచ్చి ఎ డబ్బాలో పడింది. చూడ్డానికి సూపర్‌గా ఉంది. మా రూంలో సగం మంది బి ఖాళీ అయిపోయిందని ఫిక్సయ్యారు. ఎగిరొచ్చేసింది కదా మరి! ఇంకొకడైతే ఎ లో అంతకుముందున్న 3 కూడా అక్కడే ఓ మూలన ఉంటుంది, డబ్బా అన్నాక రెండు వస్తువులు పట్టవా అన్నాడు. వాడికి స్వాప్‌లో (రెండు డబ్బాల విలువలు ఒకదానికొకటి మార్చడంలో) టెంప్ అనే మూడో డబ్బా ఎందుకో ఎప్పటికీ ఎక్కలేదు, ఎందుకంటే వాడి లెక్కలో ఏదీ పోలేదు. ఎగ్జామ్‌లో ఆ మూడు లైన్లూ బట్టీ కొట్టి రాశాడు, మార్కులూ వచ్చాయి.

ఇంకోటి, లెక్కల్లో గట్టివాళ్లమే అన్నారు మేడం, మాకు దెబ్బ పడింది కూడా అక్కడే. ఐ = ఐ + 1 అని బోర్డు మీద చూస్తే రెండువైపులా ఐ కొట్టేస్తే 0 = 1 వస్తుంది, ఇదేం సమీకరణం అనుకుంటాం. పన్నెండేళ్లు అలాగే నేర్పారు మరి. మొదట కుడివైపు లెక్క కట్టి, ఆ తర్వాతే ఎడమవైపు పెడతారని ఎవరైనా ఆపి చూపిస్తే ఒక్క నిమిషంలో పోయే డౌట్ అది.

ఒహాయో_టీఏ

తమ్ముడూ, బి ఖాళీ అవుతుందనుకోవడం, వేరియబుల్ (మీరన్న డబ్బా) ఒకేసారి రెండు విలువలు దాచుకుంటుందనుకోవడం, రెండూ ప్రపంచమంతటా పిల్లల్లో కనిపించి పేపర్లకెక్కిన అపోహలే. మీ రూమ్మేట్లేమీ ప్రత్యేకం కాదు. యానిమేషన్ చేసేవాడు 5 ని ఎగరేయకుండా, బి లో 5 ఉండగానే దాని నకలు ఎ లోకి పోయి పాత 3 ని చెరిపేసినట్టు చూపితే సరిపోయేది. కదిలే బొమ్మ అబద్ధం చెబితే మామూలు బొమ్మకన్నా గట్టిగా నాటుకుంటుంది, అదే చిక్కు.

డీబగ్గర్_బాబాయ్

ఇంతమంది ఇన్ని చెప్పారు, మీ ల్యాబ్‌లోనే పడున్న యానిమేషన్ ఎవరికీ గుర్తు రాలేదా? ఇప్పటికీ చాలా కాలేజీల్లో సి ప్రోగ్రాములు రాసి నడిపే ఆ నీలం స్క్రీన్ పాత సాఫ్ట్‌వేర్ టర్బో సి నే కదా నడుస్తోంది (తిట్టుకునేవాళ్లు తిట్టుకోండి, నేనూ తిడతాను). అందులో ఎఫ్7 నొక్కండి. ఒక్కో లైనూ ఆగుతూ నడుస్తుంది, ఫంక్షన్ (విడిగా రాసుకున్న కోడ్ ముక్క) వస్తే లోపలికి దూరుతుంది. ఎఫ్8 అయితే దూరకుండా దాటేస్తుంది. కంట్రోల్, ఎఫ్7 కలిపి నొక్కి ఐ అని టైప్ చేస్తే కింద వాచ్ విండోలో దాని విలువ మారుతూ కనిపిస్తుంది. ఇంటర్నెట్ అక్కర్లేదు, ప్రిన్సిపాల్ సంతకం అక్కర్లేదు.

మా కంపెనీలో ఇంటర్వ్యూకి వచ్చే పిల్లల్ని అడుగుతుంటాను, డీబగ్గర్ (ఇలా ఒక్కో లైనూ ఆపి తప్పులు వెతికే సాధనం) ఎప్పుడైనా వాడారా అని. నాలుగేళ్ల డిగ్రీ చేతిలో ఉంటుంది, "ప్రింట్‌ఎఫ్ పెట్టి చూస్తాం సర్" అంటారు, అంటే మధ్యలో విలువని స్క్రీన్ మీద ప్రింట్ చేయించుకోవడం. అదీ మంచిదేలెండి, కానీ ఫస్ట్ ఇయర్‌లో ఎఫ్7 అలవాటు చేస్తే ఉద్యోగం దాకా పనికొస్తుంది. బొమ్మల సాఫ్ట్‌వేర్లు రెండో నెలకి మూలనపడతాయి.

గుంటూరు_పాయింటర్

బాబాయ్, వాచ్ విండోలో విలువ కనిపిస్తుంది, ఆ విలువ ఎక్కడుందో కనిపించదు. లూపులకి సరే, ఫంక్షన్లకి రాగానే అది చాలదు. దీనికి నేను పైథాన్ ట్యూటర్ అనే వెబ్‌సైట్ వాడతాను, ప్రోగ్రాంని ఒక్కో అడుగూ బొమ్మగా చూపిస్తుంది. ఫిలిప్ గువో 2010లో మొదలుపెట్టాడు. పేరులో పైథాన్ (ఇంకో ప్రోగ్రామింగ్ భాష) ఉన్నా సి కూడా నడుస్తుంది, బ్రౌజర్ చాలు.

నా క్లాసులో బాగా పేలేది స్వాప్ ఫంక్షన్. మెయిన్‌లో (ప్రోగ్రాం మొదలయ్యే ఫంక్షన్‌లో) ఎ 3, బి 5. స్వాప్‌కి రెండూ మామూలుగా పంపిస్తాం, పాయింటర్లు (విలువ ఎక్కడుందో చెప్పే చిరునామాలు) లేకుండా. నెక్స్ట్ నొక్కుతూ పోతే మెయిన్ అని ఒక గడి, దాని కింద స్వాప్ అని ఇంకో గడి తెరుచుకుంటుంది, అందులో కొత్తగా ఇంకో ఎ, ఇంకో బి. టెంప్‌లో ఇంకా ఏమీ వేయలేదు కాబట్టి ప్రశ్న గుర్తు ఉంటుంది. మూడు లైన్లూ నడిచేసరికి కింది గడిలో 5, 3 అని చక్కగా మారిపోయాయి. క్లాసులో అందరి మొహాలూ వెలుగుతాయి. అక్కడ ఆపి అడుగుతాను: ఇప్పుడు ఫంక్షన్ అయిపోయింది, మెయిన్‌కి వెళ్లి ప్రింట్ చేస్తే ఏమొస్తుంది? చేతులెత్తమంటే ముప్పావు క్లాసు 5, 3 అంటుంది. నెక్స్ట్ నొక్కుతాను. కింది గడి మొత్తం మాయం. పైన ఎ 3, బి 5 చెక్కుచెదరకుండా ఉన్నాయి. "అదేంటి సర్, అన్యాయం" అన్నాడొకడు. ఆ అన్యాయం అనిపించాకే పాయింటర్ మొదలుపెడతాను, అదే ప్రోగ్రాంలో పాయింటర్లకి వాడే గుర్తులు, స్టార్లు, ఆంపర్‌శాండ్లు చేర్చి మళ్లీ నడిపిస్తే ఈసారి కింది గడిలోంచి పై గడికి బాణాలు గీసి ఉంటాయి. పాయింటర్ ఎందుకు అన్న ప్రశ్న ఆ తర్వాత ఎవరూ అడగరు.

డ్రైరన్_మాస్టారు

ఇది బాగుంది, ఒప్పుకుంటాను. చేతులెత్తించకుండా నెక్స్ట్ నొక్కి ఉంటే మాత్రం అది కూడా సినిమానే అయ్యేది. మీ క్లాసులో పని చేసింది ఆ ప్రశ్న.

బ్యాక్‌లాగ్_బంగారం

మాస్టారూ, చిన్న మాట. చేతులెత్తడం మాలాంటివాళ్లకి పని చేయదు. ముందు వరుసలో టాపర్ ఎటు ఎత్తితే మేమూ అటే. చీటీ మీద రాయించండి, పేరు లేకుండా.

గుంటూరు_పాయింటర్

వంద శాతం కరెక్ట్ తమ్ముడూ, ఈ సెమ్ నుంచి చీటీలే.

సెమికోలన్_మేడం

ఆలిస్ (బొమ్మలు కదిలిస్తూ ప్రోగ్రామింగ్ నేర్పే సాఫ్ట్‌వేర్) గురించి ఎవరూ అనలేదేంటి? మా కొలీగ్ ఒకరు సి కి ముందు రెండు వారాలు ఆలిస్ గానీ, అలాంటిదే అయిన స్క్రాచ్ గానీ పెట్టమంటున్నారు. పిల్లలు బొమ్మల కథ తయారుచేస్తూ లూపులు నేర్చేసుకుంటారని. ఇంజనీరింగ్ పిల్లలు పిల్లి బొమ్మని గెంతించమంటే చిన్నపిల్లల ఆట అనుకోరా?

ఒహాయో_టీఏ

ఆలిస్ కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ర్యాండీ పౌష్ బృందం చేతిలో పెరిగింది. త్రీడీ బొమ్మలు, కోడ్ ముక్కల్ని మౌస్‌తో లాగి పెట్టడమే, సెమికోలన్ తప్పులకి తావే లేదు. మూడో వెర్షన్‌కి ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వాళ్లు తమ సిమ్స్ గేమ్ బొమ్మలిచ్చారు, కాబట్టి చూడ్డానికి మరీ చిన్నపిల్లలదిలా ఉండదు.

మీరడిగిన వెనకబడ్డ విద్యార్థుల మీదే దీనికో ప్రసిద్ధమైన అధ్యయనం ఉంది, 2004లో వచ్చింది, అమెరికాలోని సెయింట్ జోసెఫ్స్, ఇతాకా కాలేజీల్లో చేశారు. లెక్కల పునాది బలహీనం, ప్రోగ్రామింగ్ అనుభవం సున్నా, అలాంటివాళ్లని ఎంచుకున్నారు. ఆలిస్ కోర్సు తీసుకున్నవాళ్ల సగటు గ్రేడు మొదటి ప్రోగ్రామింగ్ కోర్సులో సి నుంచి బి కి వచ్చింది. తర్వాతి కోర్సుకి కొనసాగినవాళ్లు ఆలిస్ లేనివాళ్లలో 47 శాతమైతే ఉన్నవాళ్లలో 88 శాతం. కళ్లు తిరిగే అంకెలే. కానీ చిన్న క్లాసులు, తక్కువమంది, పైగా వీళ్లకి విడిగా ఒక కోర్సు మొత్తం అదనంగా దొరికింది. అంత టైము అదనంగా ఇస్తే మాస్టారి తెల్లకాగితంతో కూడా కొంత లాభం వచ్చేదేమో కదా. ఇంకో సంగతి, అక్కడ బలహీనత లెక్కల్లో. మీ పిల్లలు ఆ కోవకి రారు.

ఆలిస్ నుంచి మామూలు భాషకి మారేటప్పుడు కూడా దెబ్బ ఉంది. బొమ్మ గెంతినన్నాళ్లూ ధైర్యంగా ఉన్నవాడు, జావా గానీ సి గానీ రాగానే ఎర్ర ఎర్రర్లు చూసి "నాకిది రాదు" అని పాత పాటే ఎత్తుకుంటాడు. రెండు వారాలు ఆలిస్, మర్నాడు నుంచి స్కాన్‌ఎఫ్ (సి లో కీబోర్డు నుంచి విలువ తీసుకునే ఆదేశం) అంటే నేనైతే పెట్టను. బొమ్మలో చేసిన పనినే పక్కన కోడ్‌లో రాయించి, ఇది అదే అని ప్రతి వారం చూపించే తీరిక ఉంటే పెట్టండి.

డీబగ్గర్_బాబాయ్

సిలబస్‌లో ఆ తీరిక ఎక్కడుందో చూపిస్తే నేను వచ్చి ఉచితంగా చెబుతా 😀

పక్కదారి అయినా చెప్తాను, రొమేనియాలో సపియెన్షియా విశ్వవిద్యాలయం వాళ్లు జానపద నృత్యాలతో సార్టింగ్ చేయించారు. డ్యాన్సర్ల బట్టల మీద నంబర్లు, ఇద్దరు ముందుకొచ్చి ఎవరు పెద్దో తేల్చుకుని చోట్లు మార్చుకుంటారు. మా అమ్మాయికి చూపిస్తే బబుల్ సార్ట్ (ఒక సార్టింగ్ పద్ధతి) ఏమో గానీ ఆ స్టెప్పులు వచ్చేశాయి.

సెమికోలన్_మేడం

అందరికీ థ్యాంక్స్, ఆలిస్ పక్కన పెట్టేశాను. మీరు చెప్పినవాటిలో చీటీల పద్ధతి ఈ వారం ల్యాబ్‌లో చేశాను, ఏం జరిగిందో రాస్తున్నాను.

ల్యాబ్‌లో నెట్ ఎప్పటిలాగే లేదు, నా ఫోన్ హాట్‌స్పాట్‌తో ప్రొజెక్టర్ మీద ఒక్క సిస్టమ్‌లో పైథాన్ ట్యూటర్ నడిపించాను. ప్రోగ్రాం అదే, 1 నుంచి 10 దాకా కూడిక, ఐ ని లూపు బయట డిక్లేర్ చేశాను. సగం దూరం నడిపించి ఆపాను. చీటీ మీద ఒక్క ప్రశ్న: లూపు అయిపోయాక ఐ ఎంత? చీటీలు విప్పితే ఎక్కువమంది 10 రాశారు, టాపర్లతో సహా. నడిపించాను. ఐ 10 దగ్గర సమ్ 55 అయింది. అందరూ అయిపోయిందనుకున్నారు. బాణం మళ్లీ ఫార్ లైను (లూపు మొదలయ్యే లైను) మీదకి ఎక్కింది, ఐ 11 అయింది, అప్పుడు గానీ కిందికి దిగలేదు. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు, తర్వాత వెనక బెంచీలో గొడవ మొదలైంది: "11 కాకపోతే ఆగాలని దానికెలా తెలుస్తుందిరా" అని ఒకడు పక్కవాడికి చెబుతున్నాడు. అది చెప్పింది నా పదిహేను మందిలో ఒకడు. వాడి నోట అంత పొడుగు వాక్యం ఈ సెమిస్టర్‌లో అదే మొదటిసారి విన్నాను.

అక్కడినుంచి మాస్టారి గళ్ల కాగితం ఇచ్చి, కాగితంలో ఒక్కో వరుసా నింపాకే నెక్స్ట్ నొక్కుతానన్నాను. రెండూ కలిస్తే బాగుంది, కాగితంలో తప్పు పడితే వెంటనే స్క్రీన్ మీద తేలిపోతోంది, నేను 60 కాగితాలు దిద్దక్కర్లేదు. టైము మాత్రం తినేసింది. మూడు ప్రోగ్రాములు అనుకుంటే ఒక్కటే అయింది.

అయితే ఓ అయిదుగురి చీటీలు ఖాళీగా వచ్చాయి. తప్పు రాసినా బాగుండేది. దగ్గరికెళ్లి అడిగితే తల వంచుకున్నారు. జెలియట్‌లో అట్టడుగువాళ్లు అన్నారే, వీళ్లేనా? వీళ్లనేం చేయాలి?

ఒహాయో_టీఏ

వీళ్లే అయుండొచ్చు. లూపు తీసేయండి మేడం వాళ్లకి. మూడు లైన్లు: ఎ = 3, బి = ఎ, ఎ = 7. బి ఎంత? ఇది రానివాడికి లూపు యానిమేషన్ పెడితే బాణం, కండిషన్, రెండు వేరియబుళ్లు, అవుట్‌పుట్, అన్నీ ఒకేసారి కదులుతాయి, ఎటు చూడాలో తెలియదు. చాలామంది 7 అంటారు, ఎందుకంటే లెక్కల్లో బి = ఎ అంటే ఎప్పటికీ సమానమే. ఇజ్రాయెల్ వాళ్లు కూడా ఏడాది పొడుగునా అదే సాఫ్ట్‌వేర్ వాడారని మర్చిపోకండి. బొమ్మని చదవడం కూడా నేర్చుకోవాల్సిందే, ఒక్క క్లాసులో రాదు.

బ్యాక్‌లాగ్_బంగారం

మేడం, ఖాళీ చీటీ ఇచ్చినవాళ్లకి రాదని కాకపోవచ్చు. మీరు పక్కన నిలబడితే టెన్షన్‌లో ఏమీ తోచదు. ఆ అయిదుగురికీ ఒక సెకండ్ ఇయర్ వాడిని ఇచ్చి, ఒక సిస్టమ్ ముందు కూర్చోబెట్టి, నెక్స్ట్ బటన్ వాళ్ల చేతికే ఇవ్వండి. వెనక్కి వెళ్లే బటన్ కూడా ఉంది దాంట్లో, క్లాసులో "మళ్లీ చూపించండి మేడం" అని అడగలేం, అక్కడ ఎన్నిసార్లైనా నొక్కుకోవచ్చు. నాకు లూపు వచ్చింది అలాగే, మా సీనియర్ అన్న రూంలో.

డ్రైరన్_మాస్టారు

ఈ కుర్రాడి మాట వినండి మేడం. మూడు లైన్ల ప్రశ్నలు కావాలంటే నా దగ్గర ఓ కట్ట ఉంది, లూపులూ ఇఫ్‌లూ లేనివి, ఫోటోలు తీసి ఇక్కడే పెడతాను. చేతిరాత భరించాలి.

సెమికోలన్_మేడం

తప్పకుండా పెట్టండి మాస్టారూ. సెకండ్ ఇయర్‌లో ఇద్దరు అమ్మాయిలు ఒప్పుకున్నారు, గురువారం ల్యాబ్ అయ్యాక గంట. గుంటూరు గారూ, ఒక డౌట్: మా ల్యాబ్ మాన్యువల్‌లో ప్రతి ప్రోగ్రాంలోనూ స్కాన్‌ఎఫ్ ఉంది, పైథాన్ ట్యూటర్‌లో పెడితే సరిగా నడవట్లేదు. నేనేమైనా సెట్టింగ్ మార్చాలా?

గుంటూరు_పాయింటర్

సెట్టింగ్ కాదండీ, సి లో అది ఇన్‌పుట్ తీసుకోదు. స్కాన్‌ఎఫ్ లైను తీసేసి ఎన్ = 5 అని నేరుగా రాసేయండి. ఇంకోటి, 1000 స్టెప్పులు దాటితే ఆగిపోతుంది, ప్రైమ్ నంబర్లు 500 దాకా లాంటివి పెట్టకండి, 5, 6 సార్లు తిరిగే లూపు చాలు. ప్రోగ్రాం రెడీ అయ్యాక లింకు తయారుచేసి వాట్సాప్‌లో పంపితే పిల్లల ఫోన్లలో కూడా తెరుచుకుంటుంది, కాకపోతే చిన్న స్క్రీన్‌లో కోడ్ ఒకచోట, గళ్లు ఒకచోట పడతాయి, ఫోన్ అడ్డంగా తిప్పుకోమనండి.